జాబితాలో మనిషి: అనుమానం, భద్రత, మన సాహిత్యం

మన భాషలో కొన్ని కులాల పేర్ల ముందు ఒక విశేషణం చేరింది. దొంగ దాసరులు, దొంగ బోయలు, దొంగ ఊరు కొరచలు. ఇవి రచ్చబండ మీద పుట్టిన తిట్లు కావు, ప్రభుత్వ జాబితాల్లోని పేర్లు. తమిళనాడు ప్రభుత్వం విముక్త జాతులుగా గుర్తించిన కులాల పట్టికలో ఈ తెలుగు పేర్లు ఈనాటికీ ఆ విశేషణంతోనే వున్నాయి. చట్టం రద్దయింది కాని చట్టం పెట్టిన పేరు రద్దు కాలేదు. అదే పట్టికలో 'దేవగుడి తలారులు' అనే పేరు కూడా కనిపిస్తుంది. తలారి అంటే వూరికి కాపలా కాసేవాడు. కాపలాదారుణ్ణే నేరస్థుల పట్టికలోకి ఎక్కించిన ప్రభుత్వం ఎవరి భద్రత కోసం ఆ పని చేసింది?

స్వేచ్ఛకూ భద్రతకూ మధ్య సమతూకం గురించి ఈనాడు ప్రపంచమంతటా చర్చ జరుగుతోంది. చర్మం రంగును చూసి మనిషిని దారిలో ఆపి సోదా చెయ్యటం సరైనదేనా అని అమెరికాలో కోర్టులదాకా వెళ్ళారు. న్యూయార్క్ పోలీసులు అమలు చేసిన సోదా పద్ధతి రాజ్యాంగ విరుద్ధమని 2013లో అక్కడి ఫెడరల్ కోర్టు తీర్పు చెప్పింది. ఇది దూరదేశపు సమస్య అనుకోవటానికి వీల్లేదు. నంద్యాల, ఆళ్ళగడ్డ ప్రాంతాల్లో వున్న మనకు ఈ సమస్య నల్లమల అంత దగ్గరలో వుంది. సాహిత్య విద్యార్థులు దీనిని పోలీసు శాఖకో న్యాయశాస్త్రానికో వదిలిపెట్టకూడదు. పుట్టుకను బట్టి మనిషిని అనుమానించటం మౌలికంగా పాత్ర చిత్రణకు సంబంధించిన విషయం. మనిషిని ఎలా చూడాలో, ఎలా చెప్పాలో ముందే నిర్ణయించి పెట్టిన కథ అది.

1

1892లో మద్రాసు రాజధానిలో ములాలీ అనే పోలీసు అధికారి ఆ రాజధానిలోని 'నేరస్థ వర్గాల' మీద ఒక పుస్తకం ప్రచురించాడు. కులం తరువాత కులంగా వాళ్ళ వేషం ఎలా వుంటుంది, ఏ మాండలికం మాట్లాడతారు, ఏ వృత్తి చేస్తారు, ఏ పద్ధతిలో దొంగతనం చేస్తారు అని వివరించాడు. 1909లో థర్‌స్టన్ ఏడు సంపుటాలుగా వెలువరించిన దక్షిణ భారత కులాల, తెగల గ్రంథంలో ఇటువంటి సమాచారమే మరింత శాస్త్రీయమైన ముసుగుతో వచ్చింది. తలలనూ ముక్కులనూ కొలిచి మనుషుల్ని వర్గీకరించిన కాలం అది. మనం వీటిని చరిత్రకు ఆకరాలుగా మాత్రమే చదువుతున్నాం. సాహిత్య పాఠాలుగా కూడా చదవాలని నా మనవి.

అలా చదివితే వాటి శిల్పరహస్యం తెలుస్తుంది. వాటిలో వేషం వుంది, భాష వుంది, అలవాట్లు వున్నాయి. పాత్రకు కావలసిన పైపై సామగ్రి అంతా వుంది, పరిస్థితులు మాత్రం లేవు. ఎరుకలవాళ్ళు తీరం నుంచి వుప్పునూ, లోపలి ప్రాంతాల నుంచి ధాన్యాన్నీ పశువుల మీద వేసుకుని వూరూరా తిరిగి వ్యాపారం చేసినవాళ్ళు. రైళ్ళు వచ్చి, వలస ప్రభుత్వపు వుప్పు విధానం వచ్చి ఆ బతుకు దెబ్బతిన్నదని చరిత్రకారిణి మీనా రాధాకృష్ణ 2001లో వెలువడిన తన పుస్తకంలో సవివరంగా చూపించారు. పోలీసు అధికారి పుస్తకంలో ఎరుకలవాడు సంచరిస్తూ కనిపిస్తాడు. ఎందుకు సంచరిస్తున్నాడో, నిన్నటిదాకా అతని వెంట ఏ సరుకు వుండేదో కనపడదు. సరుకు పోయి సంచారం మిగిలిపోతే ఆ సంచారమే నేరానికి ఆనవాలయింది.

వాస్తవికతను గురించి 1888లో ఎంగెల్స్ రాసిన లేఖ అభ్యుదయ విమర్శకులందరికీ పరిచితమే. ప్రాతినిధ్య పాత్రలను ప్రాతినిధ్య పరిస్థితుల్లో చూపాలనేది దాని సారాంశం. ఆ సూత్రంలో రెండో సగాన్ని మనం తరచు తేలికగా తీసుకుంటాం. పాత్రను వుంచి పరిస్థితుల్ని తీసేస్తే మిగిలేది ప్రాతినిధ్య పాత్ర కాదు, మూస పాత్ర. ఇంకా స్పష్టంగా చెప్పాలంటే హిస్టరీ షీటు. మూస పాత్ర పుస్తకంలో వున్నంతకాలం అది రచయిత లోపం. స్టేషన్లో రిజిస్టరుగా మారితే ఒక మనిషి బతుకు.

1871లో ఉత్తర భారతంలో మొదలైన నేరస్థ జాతుల చట్టం 1911లో మద్రాసు రాజధానికి విస్తరించింది. 1924లో మరింత కట్టుదిట్టమైంది. ఆ చట్టం కింద ఒక జాతిని జాతిగానే ప్రకటించవచ్చు. ప్రకటించిన తరువాత ఆ ప్రకటన చెల్లదని కోర్టులో వాదించే వీలు లేదు. ఆ జాతివాళ్ళు పేరు నమోదు చేయించుకోవాలి, వేలిముద్రలివ్వాలి, హాజరు పలకాలి, వూరు దాటాలంటే అనుమతి తీసుకోవాలి. తండ్రి వృత్తి కొడుక్కి వచ్చినట్టే నేరమూ వస్తుందనే వాదం ఈ చట్టానికి పునాది. వడ్రంగి కొడుకు వడ్రంగి అయినట్టు దొంగ కొడుకు దొంగ అవుతాడట. బ్రిటిషు దొరకు మన వర్ణవ్యవస్థ ఎంత చక్కగా అక్కరకు వచ్చిందో చూడండి.

దీని వెనక ఆర్థిక ప్రయోజనమూ వుంది. బాపట్ల దగ్గర 1913లో సాల్వేషన్ ఆర్మీ నిర్వహణలో స్టూవర్టుపురం సెటిల్మెంటు వెలిసింది. కావలి దగ్గరా, మన జిల్లాలో ఆత్మకూరు దగ్గర సిద్ధాపురంలోనూ సెటిల్మెంట్లు ఏర్పడ్డాయి. స్టూవర్టుపురం వాసులు చీరాల పొగాకు కంపెనీలో కూలీలయ్యారు. పాసు లేకుండా కదలలేని మనిషి కంటే చవకగా దొరికే కూలీ ఏ యజమానికి కావాలి? సంస్కరణ అనే మాట వెనక కూలిరేటు దాగివుందని గ్రహించకుండా ఈ చరిత్రను చెప్పటం అసంపూర్ణం.

2

మన ప్రాంతంలోకి వద్దాం. 1846లో వుయ్యాలవాడ నరసింహారెడ్డి కోయిలకుంట్ల ఖజానా మీద దాడి చేశాడు. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో కంపెనీ ప్రభుత్వం అతన్ని ఉరితీసి తలను కోటకు వేలాడదీసింది. పాలెగాడి కుటుంబానికి అందవలసిన పింఛనును నిరాకరించటం దానికి ఒక కారణం. కట్టుబడిదార్ల మాన్యాలను తీసేసుకోవటం అంతకంటే విశాలమైన కారణం. కట్టుబడులంటే వూళ్ళకు కాపలా కాసి, దానికి ప్రతిఫలంగా మాన్యాలు అనుభవించినవాళ్ళు. మాన్యం పోయింది. ఆ తరువాత పుష్కరం తిరగ్గానే 1859లో మద్రాసు పోలీసు చట్టం వచ్చి కాపలా పనీ పోయింది. వూరికి భద్రత ఇచ్చినవాడే కొత్త వ్యవస్థలో భద్రతకు ప్రమాదమయ్యాడు.

ఆ తిరుగుబాటులో నరసింహారెడ్డి వెంట నిలిచిన యోధుడు వడ్డె ఓబన్న. ఈనాడు జనవరి 11న అతని జయంతి జరుగుతోంది, దండలు పడుతున్నాయి. సంతోషించదగిన విషయమే. అయితే ఇందాక చెప్పిన ఆ పట్టికలోనే 'కల్ ఒడ్డర్లు' అనే పేరు కూడా వుంది. రాయి కొట్టే వొడ్డెర్లు వాళ్ళు. ఆళ్ళగడ్డ శిల్పుల పేరు దేశమంతా తెలుసు. బేతంచెర్ల, బనగానపల్లె నాపరాయి పరవని ఇల్లు ఈ సీమలో అరుదు. 1860లలో కర్నూలు-కడప కాలువ తవ్వారు. మట్టి తవ్వటం, రాయి పగలగొట్టటం ఎవరి కులవృత్తో అందరికీ తెలుసు. వాళ్ళు కొట్టిన బండమీద కూర్చుని, వాళ్ళు తవ్విన నీళ్ళు తాగి, వాళ్ళ పేరు ముందు ఏ విశేషణం చేర్చాలో నిర్ణయించింది నాగరిక సమాజం. పూర్వీకుణ్ణి వీరుడిగా పూజించి వారసుణ్ణి అనుమానితుడిగా వుంచటంలో వైరుధ్యం వున్నట్టు మనకు తోచనే తోచదు. విగ్రహం స్టేషనుకు వచ్చి సంతకం పెట్టనక్కర్లేదు గదా!

3

తెలుగు సాహిత్యం ఈ విషయంలో ఏం చేసింది? మొట్టమొదట గౌరవంతో చెప్పుకోవలసినది ఉన్నవ లక్ష్మీనారాయణ 'మాలపల్లి'. జైల్లో రాసిన ఈ నవల 1922లో వెలువడింది, మద్రాసు ప్రభుత్వ నిషేధానికి గురయింది. వెంకటదాసు తక్కెళ్ళ జగ్గడుగా మారిన తీరును ఉన్నవ ఎలా నిర్వహించారో గమనించండి. భూమి, కూలి, అన్యాయం, ప్రతీకారం అన్నీ క్రమంగా కళ్ళముందు జరుగుతాయి. జగ్గడు పుట్టుకతో దోపిడీదారు కాడు. ఒక సమాజం అతన్ని ఆ దారికి తోసింది. నేరస్థ జాతుల చట్టం తెలుగునేల మీద అమలులోకి వచ్చిన పదకొండేళ్ళకే ఒక తెలుగు నవల దాని తర్కాన్ని తలకిందులు చేసింది. పోలీసు పుస్తకం పరిస్థితుల్ని తీసేసిన చోట నవల వాటిని మళ్ళీ తెచ్చి పెట్టింది. 'మాలపల్లి'ని గాంధేయ నవలా కాదా అని మాత్రమే చర్చించే విమర్శకులు ఈ విజయాన్ని చూడలేదు.

ఆ దారిలో మనం ఎంతదూరం నడిచాం? సినిమా సంగతి ముందు చూద్దాం. 1991లో స్టూవర్టుపురం పేరుతో రెండు చిత్రాలు వచ్చాయి. 2023లో 'టైగర్ నాగేశ్వరరావు' వచ్చింది. ఒక వూరి పేరు ఒక నేరానికి పర్యాయపదమయింది. ఆ వూరి పిల్లవాడు బడిలోనో ఉద్యోగంలోనో తన వూరి పేరు చెప్పుకోవలసిన క్షణాన్ని వూహించండి. దొంగను వీరుడిగా చూపాం గదా, గౌరవించినట్టే గదా అని వాదించేవాళ్ళు వున్నారు. వీరదొంగ కూడా దొంగే. విశేషణం మారినా విశేష్యం అక్కడే వుంటుంది.

'సమరసింహారెడ్డి' (1999) నుంచి మొదలైన ఫ్యాక్షన్ చిత్రాలు ఇదే పనిని ఒక ప్రాంతం మీద చేశాయి. సీమ మనిషి అంటే సుమో, బాంబు, వేటకొడవలి. కేతు విశ్వనాథరెడ్డి, సింగమనేని నారాయణ వంటి కథకులు కరువునూ, భూమినీ, నీళ్ళనూ, మనుషుల మధ్య సంబంధాలనూ పట్టుకుని సీమను అర్థం చేసుకున్నారు. సినిమా ఆ పరిస్థితులన్నింటినీ తీసేసి కొడవలిని మాత్రం వుంచింది. నంద్యాల, ఆళ్ళగడ్డల నుంచి హైదరాబాదు వెళ్ళి అద్దెకు గది వెతుక్కున్న విద్యార్థులకు ఈ సంగతి ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. వూరి పేరు వినగానే ఇంటివాళ్ళ ముఖంలో వచ్చే మార్పు వాళ్ళకు తెలుసు. ఆ మార్పును ఒక్క క్షణం చూసి నొచ్చుకున్న మనం, ఎరుకల యువకుడు దానిని జీవితమంతా చూస్తున్నాడని గ్రహించాలి. నొచ్చుకోవటం దగ్గర ఆగిపోతే అది ప్రాంతాభిమానం. అక్కడినుంచి ముందుకు సాగితే చైతన్యం.

4

ఇక్కడ ఒక ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పాలి. 'మీకేం, రాస్తారు. రాత్రి పొలంలో మోటారు వైరు కోసుకుపోతే తెలుస్తుంది' అని ఒక రైతు అడగవచ్చు. ఈ ప్రశ్నను తేలిక చెయ్యకూడదు. అప్పు తెచ్చి వేసిన బోరు, అప్పు తెచ్చి పెట్టిన మోటారు. అతని భయం నిజమైనది. పేదవాడికి కూడా భద్రత కావాలి. నిజానికి పేదవాడికే ఎక్కువ కావాలి.

అయితే కులాన్ని చూసి పట్టుకోవటం ఆ భద్రతను ఇవ్వదు. చేతిలో సిద్ధంగా జాబితా వున్న పోలీసుకు దర్యాప్తుతో పనిలేదు. జాబితాలోని మనిషిని తెచ్చి కొడితే కేసు పూర్తవుతుంది. వైరు కోసినవాడు మరో పొలానికి పోతాడు. ఒక నిర్దోషి స్వేచ్ఛ పోయింది, రైతుకు భద్రతా రాలేదు.

స్వేచ్ఛ, భద్రత అనే రెంటినీ త్రాసులో పెట్టి తూచాలనే మాటలోనే ఒక మోసం వుంది. ఒకే మనిషి తన స్వేచ్ఛలో కొంత వదులుకుని తన భద్రతను కొనుక్కుంటే అది తూకమే. ఇక్కడ జరుగుతున్నది అది కాదు. స్వేచ్ఛ ఒకరిది తీసుకుని భద్రత మరొకరికి ఇస్తున్నారు. ఫ్యాక్షన్ గ్రామాలను చూస్తే ఈ సంగతి తేటతెల్లమవుతుంది. నాయకుడికి ప్రాణభయం వుంటే గన్‌మెన్లు వస్తారు. అతని వెంట తిరిగిన కూలివాడి మీద రౌడీషీటు తెరుస్తారు. ఒకే తగాదా, ఒకే వూరు, ఒకే భయం. రాజ్యం ఒకరికి కాపలాగానూ ఇంకొకరికి నిఘాగానూ ఎదురవుతుంది. ఏ వర్గం మనిషి అన్నదాన్ని బట్టి ఆ తేడా వస్తుంది.

న్యాయస్థానాలు ఈ దారిలో మెల్లగా, తడబడుతూ నడిచాయి. బందిపోటు కేసులో సాక్ష్యం లేక విడుదలయినా హిస్టరీ షీటు తప్పని ఖరక్‌సింగ్ విషయంలో, రాత్రివేళ పోలీసులు ఇంటికి వచ్చి తలుపు తట్టటం చెల్లదని 1962లో సుప్రీంకోర్టు చెప్పింది. మిగతా నిఘాను మాత్రం వుండనిచ్చింది. గోపనీయత ప్రాథమిక హక్కు అని ఒప్పుకోవటానికి 2017 దాకా పట్టింది. అణగారిన వర్గాల నిర్దోషుల పేర్లను యాంత్రికంగా హిస్టరీ షీట్లలోకి ఎక్కించరాదని 2024 మే నెలలోనూ, జైలు నియమాల్లో విముక్త జాతులను నేరం అలవాటైనవాళ్ళుగా చూడటం రాజ్యాంగ విరుద్ధమని అదే సంవత్సరం అక్టోబరు 3నా చెప్పింది. నేరస్థ జాతుల చట్టం మద్రాసులో 1947లో, దేశమంతటా 1952 ఆగస్టు 31న రద్దయింది. రద్దయిన చట్టపు ఆలోచన జైలు పుస్తకాల్లో ఇంకా బతికే వుందని 2024లో చెప్పవలసి వచ్చింది. మధ్యలో అలవాటు నేరస్థుల చట్టాలు వచ్చాయి. మద్రాసులో 1948లో, ఆంధ్రప్రదేశ్‌లో 1962లో. జాతి అనే మాట పోయి అలవాటు అనే మాట వచ్చింది. ఎవరి అలవాట్లను కనిపెట్టాలో మాత్రం పాత రిజిస్టర్లే చెబుతూ వచ్చాయి.

5

అనుమానితుడే మాట్లాడితే ఎలా వుంటుందో తెలుగు కవిత్వం 1991లో చూసింది. ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' ఒక మతానికి చెందిన మనిషి తాను పుట్టకముందే తనమీద పడిన అనుమానాన్ని దీర్ఘకవితగా మలిచింది. దాని విలువ ఆవేదనలో మాత్రమే లేదు. అనుమానం ఎలా తయారవుతుందో, చరిత్ర పాఠం నుంచి ఆటస్థలం దాకా అది ఏ దారుల్లో నడిచి వస్తుందో అది విప్పి చూపింది. అభ్యుదయ కవిత్వం పీడితుడి తరఫున మాట్లాడింది. ఇక్కడ పీడితుడు మన వైపే తిరిగి మనల్నే ప్రశ్నించాడు. ఆనాడు మనలో కొందరు ఇబ్బంది పడ్డారు. ఆ ఇబ్బంది అవసరమైనదే.

కవిత చెప్పిన సంగతిని తరువాతి చరిత్ర రుజువు చేసింది. 2007 మే 18న హైదరాబాదు మక్కామసీదులో పేలుడు జరిగింది. తరువాత ఎందరో ముస్లిం యువకులను పోలీసులు నిర్బంధించారు. వాళ్ళ మీద కేసులు నిలవలేదు. 2012లో రాష్ట్ర ప్రభుత్వం వాళ్ళకు పరిహారమూ, మంచి నడవడి కలవారని ధ్రువపత్రాలూ ఇచ్చింది. ఆ పరిహారాన్ని 2013లో హైకోర్టు కొట్టివేసింది. నిర్దోషి తన నిర్దోషిత్వానికి కాగితం చూపవలసిన దేశంలో స్వేచ్ఛ అనే మాటకు అర్థం ఏమిటి?

నంద్యాల సంగతి చెప్పకుండా ఈ వ్యాసం ముగించలేను. 2020 నవంబరులో ఈ పట్టణంలోని ఒక ఆటోడ్రైవరు, అతని భార్య, ఇద్దరు పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. అతని మీద దొంగతనం ఆరోపణ వుంది. తాను ఆ తప్పు చెయ్యలేదనీ, వేధింపులు భరించలేకపోతున్నామనీ చెప్పిన వీడియో తరువాత బయటపడింది. ఒక సర్కిల్ ఇన్‌స్పెక్టరునూ ఒక హెడ్ కానిస్టేబులునూ అరెస్టు చేశారు. అతని మతమే దీనికి కారణమని నేను తీర్పు చెప్పబోవటం లేదు. అది రుజువులతో తేలవలసిన విషయం. రచయితగా నన్ను పట్టి కుదిపేది మరొకటి. ఆ కుటుంబం చివరి మాటలు ఎవరి మీదా శాపనార్థాలు కావు. తాము దొంగలం కామని చెప్పుకోవటమే. దొంగ అనే మాట ఒక ఇంటిని ఎంత బరువుతో అణచగలదో దానికంటే గట్టిగా చెప్పే కథ మనలో ఎవరూ రాయలేదు.

2017 ఫిబ్రవరిలో అమెరికాలో, కాన్సాస్ రాష్ట్రం ఒలేతాలో ఒక తెలుగు ఇంజనీరును ఒక శ్వేతజాతీయుడు కాల్చి చంపాడు. ముఖం చూసి ఇరానీయుడనుకున్నాడు. తెలుగునేల అంతా దుఃఖించింది. దుఃఖించవలసిందే. ఆ హంతకుడు చేసిన తప్పు, ఒకర్ని చూసి ఇంకొకరనుకోవటం కాదు. ఇరానీయుడయితే చంపవచ్చు అనుకోవటం. పేరును బట్టి, ముఖాన్ని బట్టి, వూరిని బట్టి మనిషిని ముందే తేల్చెయ్యటం అక్కడ నేరమయితే ఇక్కడ ఇంగితజ్ఞానం ఎలా అవుతుంది?

6

ఇక ఆత్మవిమర్శ. పోలీసు రికార్డుల్లోని ఒక ఇంగ్లీషు పదబంధం పొడి అక్షరాలయి, 'కేడీ' అనే తెలుగు మాటగా మన కథల్లో, పాటల్లో హాయిగా తిరుగుతోంది. 2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవుల్లో ఇరవైమంది తమిళ కూలీలు పోలీసు కాల్పుల్లో చనిపోయినప్పుడు వాళ్ళను 'స్మగ్లర్లు' అని రాసిన వార్తల్ని మనలో ఎంతమంది నిలదీశాం? స్మగ్లరు అంటే దుంగను అమ్మి సొమ్ము చేసుకునేవాడు. గొడ్డలి పట్టినవాడు కూలివాడు. ఒక్క నామవాచకం మారితే పాఠకుడి దయ ఎటు పోవాలో మారుతుంది. మాటలతో పనిచేసే మనం ఈ సంగతి గుర్తించకపోతే ఎవరు గుర్తిస్తారు?

మన కథల్లోని ఎరుకల స్త్రీ సోదె చెప్పటానికి మాత్రమే వస్తుంది. ఆమె వెళ్ళిపోగానే కథ మళ్ళీ మన ఇంట్లోకి వస్తుంది. చెంచు మనిషి అడవి అందానికి అలంకారంగా నిలబడతాడు. ఇవి దుర్మార్గపు చిత్రణలు కావు. పరిస్థితులు లేని చిత్రణలు. జాలి చూపినా సరే, పరిస్థితులు చూపనంతవరకు మనం ములాలీ పద్ధతిలోనే రాస్తున్నాం. మరాఠీలో లక్ష్మణ్ మానే 'ఉపరా' (1980), లక్ష్మణ్ గైక్వాడ్ 'ఉచల్యా' (1987) రాసి తమ బతుకు తామే చెప్పుకున్నారు. తెలుగులో పలమనేరు బాలాజీ 'ఏకలవ్య కాలనీ' వంటి కథల సంపుటాలు ఎరుకల జీవితాన్ని లోపలినుంచి చూసే ప్రయత్నం చేస్తున్నాయి. ఇవి విరివిగా రావాలి. వచ్చినప్పుడు వాటిని 'ఒక కులం కథలు' అని పక్కకు పెట్టకుండా చదివే విమర్శ రావాలి.

నంద్యాల, ఆళ్ళగడ్డలలో చదువుకుంటున్న సాహిత్య విద్యార్థులకు ఒక పని సూచిస్తాను. ఆత్మకూరు నుంచి అహోబిలం దాకా నల్లమల అంచున వున్న చెంచు గూడేలకూ, సిద్ధాపురం వంటి వూళ్ళకూ, రాయి కొట్టే వొడ్డెర్ల పేటలకూ వెళ్ళండి. సోదె, పాట, పొడుపుకథ సేకరించటం తరువాతి సంగతి. హాజరు పలికిన తాతల జ్ఞాపకాలు, స్టేషను గుమ్మం దగ్గర కూర్చున్న రాత్రుల జ్ఞాపకాలు సేకరించండి. ఆ రిజిస్టర్లలో పోలీసులు రాసిన వాక్యం పక్కన ఆ మనుషులు చెప్పిన వాక్యాన్ని కూడా రాసి పెట్టండి. రేపటి నవలకు అదే ముడిసరుకు.

ప్రభుత్వ పట్టికలోంచి ఒక విశేషణాన్ని తీసెయ్యటానికి చట్టం కావాలి. మన వాక్యంలోంచి తీసెయ్యటానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఆ పని ఈ రోజే మొదలుపెట్టవచ్చు.